డాటర్‌కి లాఫ్టర్ ఖాఫియా కాదట

మొన్న సోమవారం సాయంత్రం మా చిన్నది స్కూల్ నుంచి వచ్చింది. సలాం లేదు, షూ విప్పలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి ఇంగ్లిష్ నోట్‌బుక్ ఒళ్లో పడేసింది. "మీరు చెప్పిందే రాశాను అబ్బా. ఏమైందో చూడండి" అంది.

మూడో తరగతి హోంవర్క్. రైమింగ్ వర్డ్స్ పది జతలు, పక్కన వాటి మాయనాలు. తొమ్మిదింటికి టిక్కులు, పదోదానికి ఎర్ర ఇంటూ. ఆ పదోది నేను చెప్పింది. డాటర్ – లాఫ్టర్. కూతురు – నవ్వు. చెప్పేటప్పుడు ఎంత మురిసిపోయానో! బేటీ, హసీ ఒకే ఇంట్లో పుట్టిన రెండు లఫ్జులనుకున్నాను. టీచరమ్మ లాఫ్టర్‌ని కొట్టేసి పైన 'వాటర్' అని రాసింది.

నిజమే కదా. డాటర్ అంటాం, లాఫ్టర్ అంటాం. రెండూ ఎలా పలకాలో నాకు తెలియక కాదు. ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తలు తెలుగు చేసి అన్నం తింటున్నవాణ్ని. అయినా జత వెతకమనేసరికి చెవి పని చెయ్యలేదు, కన్ను పని చేసింది. రెండింటి తోకా ఒకటే. ఏ, యూ, జీ, హెచ్, టీ, ఈ, ఆర్. తోక చూసి నిఖా చేసేశాను.

నాకిది కొత్త కాదు. కర్నూలులో పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. ఇంగ్లిష్ ఒక సబ్జెక్టు, అంతే. మా ఉస్తాద్ సాబ్ ముందు హర్ఫులు చెప్పేవారు, తర్వాత లఫ్జ్, ఆ తర్వాత మాయనా. "డీ, ఏ, యూ, జీ, హెచ్, టీ, ఈ, ఆర్ – డాటర్. డాటర్ మానే బేటీ." క్లాసంతా ఊగుతూ చదివేవాళ్లం, మదర్సాలో సబఖ్ చదివినట్టే. హర్ఫులు గుర్తుండేవి, మాయనా గుర్తుండేది. మధ్యలో ఉన్న ఆవాజ్ జారిపోయేది. ఇంగ్లిష్ మాట్లాడే మనిషి మా మొహల్లాలో ఒక్కరూ లేరు మరి. కాగితం మీద తప్ప ఆ భాష మాకు ఎక్కడా ఎదురుపడలేదు. ఉస్తాద్ సాబ్‌ని ఏమీ అనను. ఆయనకూ అది అలాగే వచ్చింది.

హైదరాబాద్‌లో డెస్కులో చేరిన కొత్తలో ఒక రోజు గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల మీద వార్త వచ్చింది. అందరి ముందూ దర్జాగా 'కుతుబ్ షాహీ టాంబ్స్' అన్నాను, బాంబ్స్‌కి జతగా. అది టూమ్స్ అట. ఒకాయన నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. వారం రోజులు నన్ను బాంబు అని పిలిచారు. బాంబ్, కోమ్, టూమ్ – మూడింటి చివరా అవే హర్ఫులు. ఒకటి పేలుతుంది, ఒకటి జుట్టు దువ్వుతుంది, ఒకటి భూమిలో పడుకోబెడుతుంది. మూడూ ఒకదానితో ఒకటి కలవవు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ చోటుని నేను ఆటోవాళ్లలాగే సాత్ గుంబద్ అనేవాణ్ని. సుఖంగా ఉండేది.

అదే ఏడాది అబ్బా ఒకసారి కర్నూలు నుంచి వచ్చారు. సైకిల్ షాపు మనిషి, చేతిగోళ్లలో గ్రీజు ఎప్పటికీ పోదు. అమ్మీ పంపిన టిఫిన్ డబ్బా పట్టుకుని మా ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డారు. 'ఆఫీస్' అనరు ఆయన, 'హాఫీస్' అంటారు. బాంబు పేరు ఇంకా చల్లారని రోజులు. లోపలికి తీసుకెళితే ఆ హాఫీస్ అందరికీ వినబడుతుందని, గేటు దగ్గరే డబ్బా తీసుకుని, అక్కడే మాట్లాడి, అక్కడి నుంచే బస్టాండుకి పంపేశాను. "తేరా హాఫీస్ అచ్ఛా హై బేటా" అని బయటి నుంచే బిల్డింగ్ చూసి వెళ్లారు. అబ్బా పోయి ఇప్పటికి తొమ్మిదేళ్లు. అల్లా మగ్ఫిరత్ చెయ్యాలి. ఈ మాట ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

ఎందుకు చెబుతున్నానంటే, ఆ సోమవారం రాత్రి మా చిన్నది దుప్పటి కప్పుకుంటూ ఇంకో మాట కూడా అంది. వచ్చే శనివారం స్కూల్లో గ్రాండ్ పేరెంట్స్ డే అట. కార్డు ఇచ్చారు. "దాదీమాకి చెప్పకండి అబ్బా. దాదీమా ఇస్కూల్ అంటారు. అందరూ నవ్వుతారు."

నాకు ఖాఫియా తంగ్ అయిపోయింది. మన ఇళ్లలో ఈ ముహావరా అందరం వాడతాం, మాట తోచక ఇరుక్కుపోతే. షాయర్‌కి ఖాఫియా దొరక్కపోతే ఎట్లుంటుందో అట్లా. పిల్లని కోప్పడదామంటే గేటు దగ్గర నిలబడ్డ అబ్బా గుర్తొచ్చారు. ఏ మొహం పెట్టుకుని కోప్పడను?

ఒక్క మాట మాత్రం ఇక్కడ చెప్పాలి. మా పక్కింటి ఆంటీ 'స్కూలు' అంటారు. బస్సు, కారు, పెన్ను, బుక్కు. తెలుగువాళ్లు ఇంగ్లిష్ మాట చివర ఉకారం తగిలిస్తారు. ఆ లెక్కన తెలుగు నోట్లో ఇంగ్లిష్ మాటలన్నీ ఒకదానికొకటి రైమింగే. మనవాళ్లు ముందు ఇకారం పెడతాం. ఇస్కూల్, ఇస్టేషన్, ఇస్టూల్. రెండూ ఒకటే పని, పలకడానికి వీలుగా నోరు చేసుకునే సర్దుబాటు. వెనక పెట్టిన ఉకారం మా పేపర్లో హెడ్డింగుల్లో అచ్చవుతుంది. ముందు పెట్టిన ఇకారానికి నవ్వుతారు. పిల్ల ఈ ఫరక్ ఎక్కడ నేర్చిందో గాని, తొందరగానే నేర్చింది.

మంగళవారం మగ్రిబ్ తర్వాత అమ్మీ జానమాజ్ మడిచి తస్బీహ్ పట్టుకుని దీవాన్ మీద కూర్చుంది. టీచరమ్మ మళ్లీ పది జతలు ఇచ్చింది. ఈసారి నేను చెప్పనన్నాను. ఫోన్లో డిక్షనరీ పెట్టి, అది ఒక్కో మాట పలుకుతుంటే వినమన్నాను. చిన్నది కాగితం మీద స్పెల్లింగులు చూస్తూ వింటోంది. కమ్. హోమ్. ఆమె రెండింటినీ కలిపి గీత గీసింది. కాగితం మీద చివర అవే హర్ఫులున్నాయి కదా.

"యే దోనో మిల్తే నై" అంది అమ్మీ, కళ్లు మూసుకునే.

ఇద్దరం అటు తిరిగాం. అమ్మీ ఐదో క్లాసు దాకా ఉర్దూ చదివింది. ఇంగ్లిష్‌లో తన పేరు కూడా రాయలేదు. "ఫిర్ కమ్ కిస్సే మిల్తా దాదీమా?" అని చిన్నది కాస్త వెటకారంగానే అడిగింది. అమ్మీ ఆలోచించలేదు. "గమ్. దమ్. హమ్. హోమ్ అలగ్ హై, వో రోమ్ కే సాథ్ జాతా."

అక్కడి నుంచి ఆట మొదలైంది. ఫోన్ పలుకుతుంది, అమ్మీ కలిస్తే చెయ్యి ఎత్తుతుంది. బేర్, పేర్ – ఎత్తింది. బేర్, డియర్ – ఎత్తలేదు. కాగితం మీద ఈ మూడింటి చివరా ఈ, ఏ, ఆర్ అనే మూడు హర్ఫులే. సెడ్, పెయిడ్ – రెంటి చివరా ఏ, ఐ, డీ – ఎత్తలేదు. సెడ్, రెడ్ – ఎత్తింది. హార్ట్‌కీ హియర్‌కీ హర్ఫులు దాదాపు ఒకటే, అమ్మీ వాటిని ఒకదాని పక్కన ఒకటి కూర్చోనివ్వలేదు. ప్రైస్, ప్రైజ్ వచ్చాయి. ఇక్కడ తెలుగు లిపి నాకు అడ్డం పడుతోంది. మన 'జే' హర్ఫ్ ఆవాజ్ రాయడానికి తెలుగులో అక్షరం లేదు, జ రాసి సరిపెట్టుకోవాలి. ఈ రెంటి తేడా పట్టడానికి మా డెస్కులో చాలామంది తడబడతారు. అమ్మీకి అది తేడా అని కూడా అనిపించలేదు. ఒకటి సీన్, ఒకటి జే. దీనికి చెయ్యి ఎత్తుతారా ఎవరైనా?

ఒక్కచోట తప్పింది. బెడ్, బ్యాడ్ – రెండూ ఒకటే అంది. చిన్నది చప్పట్లు కొట్టి నవ్వింది. అమ్మీ కూడా నవ్వింది. నిన్న రాత్రి భయపడిన నవ్వు కాదు అది.

అమ్మీకి ఇదెలా పట్టుబడిందో నాకు తర్వాత తట్టింది. స్పెల్లింగ్ తెలియదు కాబట్టి స్పెల్లింగ్ ఆమెని మోసం చెయ్యలేదు. వినడం ఒక్కటే తెలుసు. మీలాద్‌లో నాత్‌లు విన్న చెవి అది. వాళ్ల అమ్మ, మా నానీ, తిరగలి విసురుతూ పాడేదట. దక్కన్‌లో ఆడవాళ్లు అలా విసురుతూ పాడుకునే పాటల్ని చక్కీనామా అంటారు. సూఫీల కాలం నుంచి ఉన్నాయి. అందులో ఖాఫియా ఉన్నది షోకుకి కాదు, చెయ్యి తిరిగే లయకి. ఖాఫియా తప్పితే తిరగలి తడబడేదట. పిండి బరకగా వచ్చేదని అమ్మీ అంటుంది, అది మటుకు నమ్మాలో వద్దో తెలియదు.

"ఒక మాట చెప్పనా" అంది అమ్మీ ఆ ఊపులో. "నీ మనవరాలు చిన్నప్పుడు – "

"కూతురు, అమ్మీ."

"హౌ, నీ కూతురు. చిన్నప్పుడు ఆ జాక్ పాట పాడేది కదా, బావి దగ్గరికి పోయి పడ్డవాళ్లది. అందులో ఒకచోట ఖాఫియా టూటా హువా హై. అప్పుడే అనుకున్నాను. అంగ్రేజ్ లోగాఁ కదా, మనకెందుకులే అని ఊరుకున్నాను."

చిన్నది వెంటనే పాట అందుకుంది. నిజమే! జాక్ అండ్ జిల్ పాటలో వాటర్ జత ఆఫ్టర్. ఎల్‌కేజీ నుంచి లక్షల మంది పిల్లలు పాడుతున్నారు, నేనూ వందసార్లు విన్నాను. వాటర్, ఆఫ్టర్ – ఈ రోజు పలికే తీరులో కలవవు. అమ్మీ నాలుగేళ్ల కింద పట్టేసింది.

రాత్రి కూర్చుని వెతికాను. పిల్లల పాటల మీద ఇంగ్లండ్‌లో ఓపీ దంపతులు, అయోనా, పీటర్, పెద్ద పని చేశారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల నర్సరీ రైమ్స్ నిఘంటువు 1951లో వాళ్లు తెచ్చిందే. వాటర్‌కి ఆఫ్టర్ జతగా ఉండడాన్ని బట్టే ఆ పాట మొదటి చరణం 17వ శతాబ్దం నాటిది కావచ్చని వాళ్లు అనుమానించారు. పలుకుబడి మారిపోయింది, పాట మారలేదు. ఖాఫియా విరిగినచోట పాట వయసు బయటపడింది.

ఆ డాటర్‌లో, లాఫ్టర్‌లో ఊరికే కూర్చున్న జీ, హెచ్ సంగతి ఇంకా మజాగా ఉంది. ఒకప్పుడు ఇంగ్లిష్ వాళ్లు దాన్ని పలికేవారు. ఎలా? ఇంచుమించు మన ఖాన్ సాబ్‌లో ఖ లాగే, గొంతులోంచి. తర్వాత ఆ ఆవాజ్ వాళ్ల నాలుక మీది నుంచి వెళ్లిపోయింది. డాటర్, నైట్ లాంటి వాటిల్లో పూర్తిగా మాయమైంది. లాఫ్, కఫ్, ఇనఫ్‌లలో ఫ అయి కూర్చుంది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రెస్ పెట్టాక రాత మెల్లమెల్లగా గట్టిపడింది, నోరు మాత్రం మారుతూనే పోయింది. అంటే నేను కుదిర్చిన నిఖా మరీ గాల్లోది కాదు. ఆ ఇద్దరిదీ ఖాందాన్‌లో పాత చుట్టరికమే. ఇప్పుడు మాటల్లేవు, అంతే. టీచరమ్మకి ఇదంతా చెబుదామా అనుకుని, మార్కు ఒకటే కదా అని మానుకున్నాను.

డాటర్‌కి నిజంగా కలిసే ఇంకో మాట కూడా ఆ రాత్రి కంటపడింది. లాఫ్టర్ ముందు ఒక్క ఎస్ పెడితే స్లాటర్. అది కలుస్తుంది, పూర్తిగా. ఏటా బక్రీద్‌కి వారం ముందు నుంచి ఏజెన్సీ కాపీలో నాకు రోజుకి పదిసార్లు ఎదురయ్యే మాట అది. కబేళా అని రాస్తాను, వధ అని రాస్తాను, ముందు వెనకలు చూసి రాస్తాను. నవ్వుకి ఒక్క హర్ఫ్ ముందు చేరితే ఇంత అవుతుందని అప్పటిదాకా గమనించలేదు. చిన్నదానికి ఆ జత చెప్పలేదు. వాటర్ చాలు.

మూడు భాషల్లో మూడు రకాల జతలు చదువుకున్నవాణ్ని, అయినా తప్పాను. గజల్లో ఖాఫియా మిస్రా చివర, రదీఫ్‌కి ముందు కూర్చుంటుంది. అక్కడ ఉస్తాదులు చెవితో పాటు హర్ఫ్ కూడా చూస్తారు. ఖాస్‌లో సాద్, పాస్‌లో సీన్. వినడానికి ఒకటే అయినా పాతకాలం ఉస్తాద్ ఒప్పుకోడు. ఇంగ్లిష్ దానికి ఉల్టా. హర్ఫ్ ఏదైనా కానీ, ఒత్తు పడిన చివరి అచ్చు నుంచి చివరిదాకా ఆవాజ్ కలవాలి, ఆ అచ్చు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. ఇక తెలుగులో చేరితే నాకు తల తిరిగింది. కందంలో, ఉత్పలమాలలో ప్రాస పాదం చివర లేనే లేదు, మొదట్లోనే రెండో అక్షరం! తోక పట్టుకుని వెతుకుతున్న నాకు తల దగ్గర చూపించారు. మా తెలుగు మాస్టారు క్లాసులో ఉన్న ఒక్క ముసల్మాన్ కుర్రాణ్ని నిలబెట్టి, "ఖాఫియా ఎరిగినవాడివి, ప్రాసకి భయపడతావేమయ్యా" అన్నారు. ఆ ఒక్క మాటకి డిగ్రీ పూర్తి చేశాను.

బుధవారం మళ్లీ ఆట. అమ్మీయే అడిగింది, "ఆజ్ ఫోన్ నక్కో క్యా?" అని. ఈసారి నా పాత దుష్మన్లు వచ్చారు. బాంబ్, కోమ్, టూమ్. అమ్మీ చెయ్యి కదలలేదు. టూమ్ అంటే ఏమిటంది. "బడా ఖబర్ దాదీమా. మనం సాత్ గుంబద్ చూశాం కదా, అది" అంది చిన్నది. మరి దానికి జత ఏదని నన్నడిగారు ఇద్దరూ.

ఊమ్. స్పెల్లింగ్ కూడా కలిసే జత. మాయనా చెప్పాలంటే కొంచెం ఆగాను. "పుట్టకముందు బిడ్డ ఉండే చోటు. అమ్మ కోఖ్" అన్నాను.

అమ్మీ తస్బీహ్ ఆగింది. "కోఖ్, ఖబర్. అంగ్రేజీలోనూ కలుస్తాయా?" అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "మహద్, లహద్" అంది.

మహద్ నుంచి లహద్ దాకా ఇల్మ్ నేర్చుకోమని మన పెద్దలనే మాట మీరూ వినే ఉంటారు. ఉయ్యాల నుంచి ఖబర్ దాకా. వెయ్యిసార్లు విన్నాను, అది ఖాఫియా అని వినలేదు. లహద్ అంటే ఏమిటో చిన్నది అడిగితే అమ్మీ దీవాన్ పక్క గోడ మీద చేత్తో చూపించింది. ఖబర్ లోపల ఖిబ్లా వైపు గోడలోకి తవ్వే గూడు. మయ్యత్‌ని అందులో పడుకోబెడతారు, మట్టి మీద పడకుండా. "తేరే దాదా కో వహీఁచ్ సులాయే" అంది.

నేను దిగాను ఆ రోజు ఖబర్‌లోకి. అబ్బా భుజాల కింద చేతులు పెట్టి దించిన వాళ్లలో నేనొకణ్ని. గోళ్లలో గ్రీజు గుస్ల్ చేసినా పూర్తిగా పోలేదు. అది గుర్తొచ్చింది.

చిన్నది కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెలుగులో కూడా కలుస్తాయా అబ్బా?" అంది. కలుస్తాయి. పుట్టడం, గిట్టడం. రెండో అక్షరం దగ్గర, నియమం ప్రకారం. మాస్టారు ఉంటే మెచ్చుకునేవారు. మూడు భాషల వాళ్లూ ఒకరినొకరు అడక్కుండానే ఈ రెండింటికీ ముడి వేసేశారు. అది భాష చేసిన యాదృచ్ఛికమేనని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

గురువారం పొద్దున అమ్మీ దీవాన్ మీద కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. నేను పేపర్ చూస్తున్నట్టు వింటున్నాను.

"దాదీమా, ఇస్కూల్‌కి రైమింగ్ వర్డ్ ఏంటి?"

ఇస్కూల్ అనే అంది. వెక్కిరింపు ఉందేమో అని చెవి పెట్టాను. లేదు.

"ఉసూల్" అంది అమ్మీ రిబ్బన్ బిగిస్తూ. "ఫుజూల్. మఖ్బూల్. ఖబూల్. బహుత్ హైఁ, కిత్నే హోనా?"

చిన్నది అవన్నీ నోట్‌బుక్ వెనక అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాసుకుంది. పక్కన మాయనాలు కూడా. ఫుజూల్ దగ్గర 'వేస్ట్' అని రాసింది. బ్యాగులోంచి శనివారం కార్డు తీసి, నాకు కాదు, దాదీమా ఒళ్లో పెట్టింది. అమ్మీకి అది చదవడం రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, మీద ఉన్న ముసలి తాతా అవ్వల బొమ్మని చూసి, "యే బుడ్ఢీ కౌన్?" అంది.

శనివారానికి ఆటో మాట్లాడాలి. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, ఆ స్కూల్ మెట్లు చాలా ఎక్కువ. గేటు దగ్గర ఆపమని కాదు, లోపలి దాకా తీసుకెళ్లమని చెప్పాలి.